మోరీ దగ్గరి సంతకాల పుస్తకం

ఒక దొంగతనం గురించి వినగానే మా స్టేషన్‌లో అందరూ ఒకేసారి కుర్చీల్లోంచి లేవడం నా ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్కసారే చూశాను. పోయింది బంగారం కాదు, బండి కాదు. నలభై రూపాయల నోటుబుక్కు.

నా పేరు అమర్‌నాథ్. హోసూరు నుండి తళికి పోయే దారిలో ఉన్న ఒక చిన్న పోలీస్ స్టేషన్‌లో రైటర్ని. రైటర్ అంటే కథలు రాసేవాడని కొందరు అనుకుంటారు. అది పూర్తిగా తప్పు కూడా కాదు. హెడ్ కానిస్టేబుల్ హోదాలో బల్ల ముందు కూర్చుని, వచ్చిన ప్రతి ఫిర్యాదునూ, పోయిన ప్రతి కోడినీ తమిళంలో రాసిపెట్టడం నా పని. ఇంట్లో తెలుగు, రికార్డులో తమిళం, బెంగళూరు నుంచి వచ్చే లారీవాళ్లతో కన్నడం. మూడు భాషల్లోనూ నేను ఎక్కువగా వాడే మాట ఒకటే, రేపు రండి అని.

అంజినమ్మకు కూడా ఇంచుమించు ఆ మాటే చెప్పాను. ఆమె సంగతి ముందు చెప్పాలి.

నవంబరు మొదటి వారంలో ఒక సోమవారం పొద్దున ఆమె మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. అరవై దాటి ఉంటాయి. గుండ్లసంద్రం ఊరు. అక్కడి పాలిహౌసుల్లో, అంటే ప్లాస్టిక్ కప్పు కింద పెంచే పూలతోటల్లో, రోజాలు కోస్తుంది. నాలుగు వేళ్లకు గుడ్డ పేలికలు చుట్టుకుని ఉంది. మనవరాలు శోభనకు ఇరవై ఒకటి. హోసూరు పక్క ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో రెండేళ్లుగా పనిచేస్తోంది. ఆ ఊరి నుంచి మొత్తం తొమ్మిదిమంది ఆడపిల్లలు అదే కంపెనీకి పోతారు. సాయంత్రం ఆరూ నలభైకి కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు మీద దింపుతుంది. అక్కడి నుంచి ఊళ్లోకి కిలోమీటరు నడక. నడిమధ్య ఒక మోరీ ఉంది, కిందినుంచి వాననీళ్లు పోయేట్టు కట్టింది, రెండు పక్కలా కూర్చోవడానికి వీలుగా పొట్టి గోడలు. చలికాలం ఆ వేళకే చీకటి. ఆ గోడల మీద సీసాలు పెట్టుకుని కొందరు మగవాళ్లు కూర్చుంటారు.

మొదట మాటలు అన్నారు. తర్వాత పాటలు పాడారు. మొన్న శనివారం ఒకడు శోభన భుజానికున్న బ్యాగు పట్టుకుని లాగాడు. టిఫిన్ డబ్బా కిందపడి మూత మోరీలోకి దొర్లిపోయింది.

"లాగింది ఎవరమ్మా?" అని అడిగాను.

శోభన నేల చూసింది. అంజినమ్మే చెప్పింది. "పేర్లు చెప్తే రేపు మళ్లా ఆ దావనే పోవల్ల కదప్పా."

"పేర్లు లేకుంటే నేనేం రాసేది?"

"మోరీ పేరు రాయి. ఎవురైనా ఆడనే కదా కూర్చునేది."

మోరీ మీద కేసు పెట్టలేమని చెప్పి నవ్వాను. ఆమె నవ్వలేదు. "నీకు ఆడబిడ్డ ఉండాదా అప్పా?" అంది.

ఉంది. ధన్య, ప్లస్ టూ చదువుతోంది.

"చీకటిపడినాక ఆ బిడ్డ ట్యూషన్ నుంచి ఎట్లొస్తాది?"

"నేనే బండి మీద పోయి..." అని సగంలో ఆపాను.

అప్పుడు శోభన నోరు తెరిచింది. "మా నాయన డిసెంబరు నెలాఖరుకు పని మానేయమన్నాడు సార్. దావ బాగలేదు, బిడ్డకు ఏమన్నా అయితే ఎవురు చూస్తారంటాడు. జనవరిలో నన్ను లైన్ లీడర్‌ని చేస్తామన్నారు. నాకు మానేది ఇష్టం లేదు. ఆయన వినడు."

నేను ఒక రసీదు రాసి చేతికిచ్చాను. అది కేసు కాదు. వచ్చి చెప్పిపోయారనడానికి గుర్తు మాత్రమే. పేర్లు గుర్తొస్తే రమ్మన్నాను. అవ్వ దాన్ని నాలుగు మడతలు పెట్టి రొండిన దోపుకుంది.

ఆ తర్వాతి వారమే పైనుంచి ఒక ఫారం వచ్చింది. ప్రతి ఊళ్లోనూ సభ పెట్టి, నేరాలు తగ్గి జనం భయం లేకుండా ఉండాలంటే పోలీసులు ముందుగా ఏ మూడు పనులు చేయాలో జనాన్నే అడిగి రాయమన్నారు. ఒకటి, రెండు, మూడు అని మూడు గీతలు. కింద సన్నగా 'ఇతరములు' అని ఇంకో గడి. ఆలోచన మంచిదే. నెలలోపు ముప్ఫై రెండు ఊళ్లు తిరగాలి కాబట్టి, ఆ మంచి ఆలోచనకు మేము ఇవ్వగలిగింది ఊరికి నలభై నిమిషాలు.

మా ఎస్సై సెల్విది కావేరిపట్టణం. చిన్న వయసు. మా స్టేషన్‌కు వచ్చి ఏడు నెలలే అయినా తెలుగు బాగానే పట్టుకుంది. ఆమెకు ఒక జబ్బుంది. నోటితో ఒక మాట అంటే దాన్ని జరిపించాలని చూస్తుంది. ఈ ఉద్యోగంలో అది ఎన్నాళ్లు నిలుస్తుందో చూద్దామని మేమందరం ఎదురు చూస్తున్నాం.

గుండ్లసంద్రంలో సభ బుధవారం పదకొండు గంటలకు, పాల సొసైటీ ముందర. ఆ టైము పెట్టింది నేనే. బుధవారం పదకొండు గంటలకు ఆ ఊళ్లో ఆడవాళ్లు ఎక్కడుంటారో నాకు తెలియక కాదు. సగం మంది పాలిహౌసుల్లో, మిగతావాళ్లు కంపెనీల్లో. అది నా తలకు తట్టలేదు, అంతే. నలభై మూడు మంది మగవాళ్లు వచ్చారు, ఐదుగురు ముసలమ్మలు వచ్చారు. ఆ ఐదుగురిలో అంజినమ్మ ఒకతె. బొటనవేలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టిందని ఆ రోజు పనికి పోలేదు.

పంచాయతీ ప్రెసిడెంట్ మునిరాజు లేచి మూడు పనులూ తానే చెప్పాడు. ఒకటి, బోరు మోటార్ల కేబుళ్లు కోసుకుపోతున్నారు, ఆపాలి. రెండు, బైకు దొంగతనాలు. మూడు, ఊళ్లో కెమెరా పెట్టాలి. కెమెరా పెట్టాల్సిన స్తంభాన్ని కూడా చూపించాడు. అది వాళ్ల ఇంటికి ఎదురుగా ఉంది. అందరూ చేతులెత్తారు. నేను రాసుకున్నాను.

అంజినమ్మ కూర్చున్న చోటు నుంచే అంది. "మోరీ సంగతి కూడా రాయప్పా."

"సుమ్నే ఉండమ్మా," అని ఆమెను ఊరుకోమన్నాడు మునిరాజు, కోపంగా కాదు. "మోరీ మీద కూర్చునేది మన పిల్లోళ్లే మేడం. పగలంతా పని చేసి సాయంత్రం కొంచెం సేపు మాట్లాడుకుంటారు. దాన్ని కూడా క్రైము అంటే ఊళ్లో ఎవురూ ఉండలేరు."

ఆ పిల్లోళ్లలో ఒకరిద్దరికి తల నెరిసిన సంగతి నాకు తెలుసు. ఒకడు మునిరాజుకు తమ్ముడి వరస. అంజినమ్మ మాటను 'ఇతరములు' గడిలో పెన్సిలుతో రాశాను.

చివర్లో ఎస్సై సంతకాల పుస్తకం గురించి చెప్పింది. ఊరికొక పుస్తకం ఉంటుంది. ఊళ్లు గస్తీ తిరిగే బీటు కానిస్టేబుల్ రోజూ వచ్చి, దాంట్లో టైము రాసి సంతకం పెట్టాలి. హోసూరు టౌనులో ఇప్పుడు అదంతా ఫోనులోనే జరుగుతోంది. గుండ్లసంద్రంలో సిగ్నల్ సరిగా ఉండదు కనుక ఇంకా పుస్తకమే. ఆ బీటు ఏళుమలైది. అతనికి ఏడు ఊళ్లు, ఒక బండి.

"పుస్తకం మీది," అంది సెల్వి. "ఎక్కడ ఉంచాలో మీరే చెప్పండి. పుస్తకం ఎక్కడుంటే ఏళుమలై అక్కడికి రావాల్సిందే."

"ఆరేళ్లుగా మా వాకిట్లోనే ఉండాది. ఆడనే ఉండనీండి, వానకు తడవదు," అన్నాడు మునిరాజు. అందరూ సరేనన్నారు. విలువైన కాగితం ఏదైనా పెద్దమనిషి వాకిట్లో ఉండటం ఆ ఊరికి అలవాటు. ఆ వాకిట్లో ఏళుమలైకి కాఫీ కూడా దొరికేది.

అంజినమ్మ మళ్లీ నోరు విప్పింది. "అమ్మా, పుస్తకం యాడుంటే ఆడికి వస్తారా? వానొచ్చినా?"

"వానొచ్చినా వస్తారమ్మా," అంది ఎస్సై.

ముప్ఫై రెండు ఊళ్లూ తిరిగాక ఒక రాత్రి ఫారాలన్నిటికీ ఫెయిర్ కాపీ రాశాను. గుండ్లసంద్రం దగ్గరికి వచ్చేసరికి 'ఇతరములు' గడి మరీ ఇరుకుగా కనిపించింది. దాంట్లో మోరీ, ఆడపిల్లలు, సీసాలు అని ఇరికిస్తే పేజీ అందం చెడుతుంది. ఖాళీగా వదిలేశాను. మర్నాడు బస్సెక్కి, గురుబరపల్లి మీదుగా కృష్ణగిరికి పోయి అన్నీ అప్పగించి వచ్చాను. అక్షరాలు బాగున్నాయని అక్కడ మెచ్చుకున్నారు. సంతోషంగానే ఇంటికొచ్చాను.

ఇక దొంగతనం. డిసెంబరు పన్నెండు, శుక్రవారం. సాయంత్రం ఐదుంపావుకు ఏళుమలై హెల్మెట్ కూడా తీయకుండా లోపలికి వచ్చాడు.

"సార్, గుండ్లసంద్రం పుస్తకం లేదు. మేకు ఉంది, పుస్తకం లేదు."

సోమవారం పై అధికారుల తనిఖీ ఉంది. బీటు పుస్తకాలు మొదటగా అడుగుతారు. పోయింది సర్కారు రికార్డు. ఎస్సై లేచింది, నేను లేచాను, సెంట్రీ కూడా లేచాడు. జీపు, వెనక రెండు బైకులు. అదే ఊళ్లో అంతకుముందు నెల మూడు మోటార్ల కేబుళ్లు పోతే మేము చూడటానికి పోయింది మూడో రోజు. ఈసారి ఇరవై రెండు నిమిషాల్లో పోయాం. నేను గడియారం చూసుకున్నాను. రైటర్‌కు అది అలవాటు.

మునిరాజు వాకిట్లో నిలబడి, దొంగతనం జరిగింది తన ఇంట్లో కాబట్టి పోలీసు కుక్కను రప్పించాలని అడుగుతున్నాడు. ఎస్సై ఖాళీ మేకును చూస్తోంది. అప్పుడు లోపలి నుంచి ఆయన భార్య తాయారమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దొంగలెవురూ లేరు. అంజినమ్మ అడిగింది. నేనే తీసిచ్చినాను."

"ఎందుకిచ్చినావు?" అన్నాడు మునిరాజు.

"అడిగింది, ఇచ్చినాను," అని ఆమె లోపలికి పోయింది. మొగుడి మొహం వైపు చూడలేదు. కుక్క ప్రస్తావన అంతటితో ఆగింది.

అంజినమ్మ మోరీ మీద ఉందని ఎవరో చెప్పారు. వచ్చేటప్పుడు ఆ హడావిడిలో మోరీ వైపు చూడకుండానే దాటి వచ్చాం. జీపు వెనక్కి తిప్పాం. ఆరు కావస్తోంది, పొద్దు కుంకుతోంది. మోరీ గోడ మీద అంజినమ్మ ఒక్కతే కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని అనపకాయలు ఒలుస్తోంది. పక్కన గోడలోంచి పొడుచుకు వచ్చిన ఇనుప చువ్వకు సంతకాల పుస్తకం కట్టి ఉంది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రోజాలను కట్టలు కట్టే రబ్బరు బ్యాండ్లతో గట్టిగా బిగించింది. ఎదురుగోడ మీద విప్పిన మిక్చర్ పొట్లం ఒకటి, గ్లాసులు రెండు ఉన్నాయి. జీపు చప్పుడు విని మనుషులు తోటల్లోకి జారుకున్నారు. సగం తాగిన గ్లాసు వదిలి పోయారంటే మంచి హడావిడిలోనే పోయి ఉండాలి.

"పుస్తకం ఇక్కడికి ఎందుకు తెచ్చారమ్మా?" అని ఎస్సై అడిగింది.

"నువ్వే చెప్పినావు కదమ్మా, పుస్తకం యాడుంటే పోలీసు ఆడికి వస్తాడని. వస్తారో రారో చూద్దామని తెచ్చినాను." కాయ ఒలిచి గింజలు చేటలో వేసింది. "ఒకరు వస్తారనుకొన్నాను. ఇంతమంది వచ్చినారు."

ఏళుమలై ఫక్కున నవ్వి వెంటనే నోరు మూసుకున్నాడు. ఎస్సై నవ్వలేదు. నా వైపు తిరిగింది.

"అమర్‌నాథ్ సార్, ఆ రోజు సభలో ఈమె మోరీ గురించి చెప్పింది కదా. లిస్టులో పోయిందా?"

"ఇతరములులో రాసుకున్నాను మేడం."

"కృష్ణగిరికి ఇచ్చిన కాపీలో?"

"చోటు చాలలేదు మేడం."

నాకు నిజంగా సిగ్గేసింది. ఆ ముసలామె రొండిన నేను రాసిచ్చిన రసీదు ఇంకా ఉందేమో అనిపించి అటు చూడలేకపోయాను.

అంతలో మునిరాజు బైకు మీద వచ్చాడు. ఆయన వెనకే అంజినమ్మ కొడుకు గుర్రప్ప, పాల క్యాను తగిలించిన మోపెడ్ మీద. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు. బండి దిగి నేరుగా తల్లి దగ్గరికి పోయాడు.

"ఊరంతా చూస్తా ఉంటే పోలీసుల నడుమ కూర్చున్నావే. లే అమ్మా, ఇంటికి పోదాం."

"బస్సు వచ్చే టైమైంది. చూసి పోతాను," అంది ఆమె.

బస్సు వచ్చింది. మెయిన్ రోడ్డు మీద లైట్లు ఆగి, మళ్లీ కదిలి పోయాయి. తొమ్మిది ఫోన్ల వెలుతురు వరసగా మా వైపు వస్తూ, దూరంగా ఉండగానే ఆగిపోయింది. ఎంతసేపు చూసినా కదల్లేదు. నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆ పిల్లలకు మోరీ దగ్గర జీపు కనిపించిందంటే అక్కడ ఎవరో చచ్చారనే లెక్క. వాళ్లకు భద్రత ఇవ్వడానికి పోలీసులు వచ్చి నిలబడి ఉంటారన్న ఊహ వాళ్లలో ఒక్కరికీ రాలేదు. రావడానికి మేము ఏనాడూ ఆస్కారం ఇవ్వలేదు.

ఒక వెలుతురు మాత్రం విడిపోయి పరుగెత్తుకుంటూ వచ్చింది. శోభన. రొప్పుతోంది.

"అవ్వా, ఏమైంది?"

"ఏమీ కాలేదు. సంతకం పెట్టను వచ్చినారు," అంది అంజినమ్మ.

శోభన అవ్వ చెయ్యి పట్టుకుని అలాగే నిలబడింది. వెనక మిగతావాళ్లు మెల్లగా దగ్గరికి వచ్చారు. గుర్రప్ప కూతురిని చూశాడు, గోడ మీది గ్లాసులను చూశాడు, ఎస్సై వైపు తిరిగాడు.

"ఈపొద్దు మీరుండారు మేడం. రేపు?"

"పుస్తకం ఇక ఇక్కడే ఉంటుంది. బస్సు వచ్చే టైముకు ఏళుమలై ఇక్కడ ఉంటాడు."

"ఆరేళ్లు ప్రెసిడెంట్ ఇంట్లో కూడా పుస్తకం ఉండింది. సంతకాలు కూడా ఉండాయి. నా బిడ్డ బ్యాగు లాగినారు కదా."

ఎస్సై పుస్తకం విప్పి టార్చి వేసింది. సోమ, మంగళ, బుధ, గురు. నాలుగు సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే వాలుతో, నాలుగూ ఆరున్నరకే. ఏళుమలై తన బూట్లు చూసుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఏడు ఊళ్లు ఒక్క సాయంత్రంలో తిరగలేక, నాలుగు రోజులకోసారి వచ్చి నాలుగు సంతకాలు పెట్టి పోయేవాడు. ఆ సంగతి నాకు తెలుసు. స్టేషన్‌లో రైటర్‌కు తెలియకుండా ఏదీ జరగదు. పై నుంచి అడిగినప్పుడు పుస్తకం నిండుగా ఉంటే నాకు చాలు.

అప్పుడు శోభన అంది. "మేము కూడా సంతకం పెడతాం మేడం. దిగి ఈడికి వచ్చినాక టైము రాసి, సార్ సంతకం కిందనే పెడతాం. మా కంపెనీలో మిషన్ చెక్ చేసినామంటే ఇద్దురు సంతకం పెట్టల్ల. ఒకరు పెడితే చెల్లదు. సార్ వచ్చినాడా లేదా అనేది కూడా దాంట్లోనే తెలిసిపోతాది."

ఏళుమలై మొహం మాడింది. మునిరాజు గొంతు సవరించుకున్నాడు. "పోలీసు పుస్తకంలో ఆడపిల్లలు సంతకాలు పెట్టేది యాడన్నా ఉండాదా?"

ఎస్సై నన్ను చూసింది. "రూల్సు మీకు తెలుసు కదా సార్. కూడదని ఉందా?"

స్టాండింగ్ ఆర్డర్లు నాకు కంఠస్థం. ఎక్కడో ఒకచోట అడ్డుపడే వాక్యం ఉండే ఉంటుంది. వెతికితే దొరికేది. అలాంటి వాక్యాలు వెతికి పెట్టే నేను ఇరవై ఆరేళ్లు జీతం తీసుకున్నాను.

"కూడదని ఎక్కడా రాసి లేదు మేడం," అన్నాను.

గుర్రప్ప వంగి తల్లి ఒళ్లోంచి చేట తీసుకుని మోపెడ్ ముందర పెట్టుకున్నాడు. "ఈ నెల చూస్తాను. నెలాఖరుకే చెప్తాను," అన్నాడు.

ఆ సాయంత్రం నాలుగు సంతకాల కింద తొమ్మిది సంతకాలు పడ్డాయి. మునిరాజుకు మర్యాద తగ్గిందని బాధ కలగకుండా, పోలీసు ఫోన్ నంబర్లు రాసిన పెద్ద బోర్డు ఒకటి తీసుకుపోయి ఆయన వాకిట్లో తగిలించాం. ఆయన దాన్ని తుడిపించి పూలమాల కూడా వేశాడని విన్నాను.

సోమవారం తనిఖీలో ఆ నాలుగు సంతకాల పేజీ దగ్గరే వేలు ఆగింది. ఏళుమలైకి ఒక మెమో, నాకు ఒక మెమో. కొత్త పద్ధతి గురించి ఎస్సైని గట్టిగా అడిగారు. చెప్పిన మాట జరిపించే జబ్బున్న మనిషి కనుక, జనవరి దాకా సమయమివ్వమని అడిగి ఒప్పించుకుని వచ్చింది. దానివల్ల ఏళుమలై ఏడు ఊళ్లలో మూడు వేరేవాళ్లకు పోయాయి. వాళ్లు ఇప్పటికీ నన్ను తిడుతున్నారు.

మోరీ మీద తాగేవాళ్లు తాగుడు మానేశారని నేను అబద్ధం చెప్పను. మొదటి రెండు రోజులు వచ్చి చూశారు. ఖాకీ చొక్కా నిలబడి ఉంటే మందు రుచించదు. ఇప్పుడు చెరకు తోట వెనక పంపుసెట్టు దగ్గర కూర్చుంటున్నారు. అటుగా ఎవరికీ దారి లేదు.

నెలాఖరు వచ్చి పోయింది. గుర్రప్ప ఏమన్నాడో నాకు తెలియదు. ఏళుమలైని అడిగితే చెప్పేవాడే, అడగలేదు. అడగడానికి జంకాను అనడం సరైన మాట. ఒక ఆడపిల్ల ఉద్యోగం సంగతి నా ఫెయిర్ కాపీ మీద ఆధారపడి ఉండిందని ఒప్పుకోవాల్సి వస్తుందేమో అని.

జనవరి మూడున పాత పుస్తకం తెచ్చి కొత్తది పెట్టాలి. ఆ పని ఏళుమలైకి చెప్పవచ్చు. నేనే బండి తీశాను. మధ్యాహ్నం మూడు గంటలప్పుడు మోరీ దగ్గర ఎవరూ లేరు. రబ్బరు బ్యాండ్లు విప్పి, గోడ మీద కూర్చుని పేజీలు తిప్పాను.

పదమూడు, పదిహేను, పదహారు. పైన ఏళుమలై, కింద తొమ్మిది పేర్లు. శోభనది ఎప్పుడూ రెండో పేరు. ఆరూ నలభై ఎనిమిది, ఆరూ యాభై, ఒకరోజు బస్సు ఆలస్యమై ఏడుంపావు. ఇరవై మూడో తేదీన హోసూరులో బందోబస్తు అని ఏళుమలైని తీసుకుపోయారు. ఆ రోజు అతని గడి ఖాళీగా ఉండాలి. ఖాళీగా లేదు. పెన్ను సిరా పూసి వేసిన బొటనవేలి ముద్ర ఒకటి ఉంది. ముద్ర మధ్యలో ముల్లు గుచ్చుకున్న మచ్చ. పోలీసు రాలేదని ఆ రోజు ఎవరు వచ్చి నిలబడ్డారో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ముప్ఫై ఒకటి. తొమ్మిది పేర్లు. శోభన రెండోది.

పేజీ తిప్పాను. జనవరి ఒకటి. ఏళుమలై సంతకం ఒక్కటే ఉంది. తారీఖు మళ్లీ చూశాను. కాసేపటికి గుర్తొచ్చింది, ఆ రోజు కంపెనీకి సెలవు.

రెండో తేదీ. రెండో పేరు శోభనది కాదు. మూడోది కాదు. వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుకుంటూ పోయాను. నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఎనిమిదితో వరస ఆగింది. ఒక గీత వదిలి, దాని కింద శోభన, ఆరూ నలభై తొమ్మిది. ఆ కిందనే, పాల సొసైటీ పుస్తకంలో పెట్టి పెట్టి అలవాటైన పెద్ద అక్షరాలతో ఇంకో సంతకం. గుర్రప్ప, ఆరూ నలభై తొమ్మిది.

నేను పుస్తకం మూసి, అక్కడే కొంతసేపు కూర్చున్నాను. చాలా ఆనందంగా ఉండింది. ఆ ఆనందంలో నా వాటా ఏమీ లేదని కూడా తెలుస్తూనే ఉంది.

కొత్త పుస్తకాన్ని చువ్వకు కట్టి స్టేషన్‌కు వచ్చాను. పాతదాన్ని ఫైలులో పెట్టాలి. ఫైలు అట్ట మీద 'విషయం' అని ఒక గడి ఉంటుంది, అది కూడా ఇరుకే. ఇలాంటివాటికి నేను ఎప్పుడూ 'ఇతరములు' అని రాసి పక్కన పడేస్తాను. పెన్ను తీసుకున్నాక నవంబరులో అంజినమ్మ అడిగింది గుర్తొచ్చింది. గడిలో పట్టేట్టు, చిన్న అక్షరాలతో, 'మోరీ' అని రాశాను.